మారే పేజీకి కాపలాదారు

2018 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒక విచిత్రమైన సవరణ వేసుకుంది. ఆర్థిక మాంద్యం గురించి రాసిన చోట 'కుబుసాలు విడిచే, చలిరాళ్ల కాలం' అన్న అర్థం వచ్చే మాటలు పడ్డాయి. వెబ్ పేజీలో మాటలను సరదాగా మార్చేసే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ చేసిన నిర్వాకమది.

అలాంటి ఎక్స్‌టెన్షన్ రాయడం తేలికే అనిపిస్తుంది. పేజీ హెచ్‌టీఎంఎల్ మొత్తం తీసుకుని, మాట మార్చి, తిరిగి పెట్టేస్తే సరి అనుకుంటాం. పెడితే బటన్లు నొక్కినా పలకవు. పాతవి పోయి, అచ్చం అలాగే ఉండే కొత్తవి వచ్చి కూర్చుంటాయి కానీ, వాటికి జావాస్క్రిప్ట్ తగిలించిన పనులు రావు. అందుకే పేజీలో అక్షరాలు మాత్రమే ఉండే టెక్స్ట్ నోడ్‌లను ఒక్కొక్కటే వెతికి, అక్కడి అక్షరాలనే మార్చాలి.

1995లో జావాస్క్రిప్ట్ పుట్టేనాటికి పేజీ ఒకేసారి వచ్చేది, అలాంటి పేజీకి ఈ పద్ధతి సరిపోతుంది. 2004లో జీమెయిల్, మరుసటి ఏడు గూగుల్ మ్యాప్స్ వచ్చాక లెక్క మారింది. పేజీ తెరుచుకున్నాక కూడా సరుకు దిగుతూనే ఉంటుంది. ఒకసారి పనిచేసి తప్పుకున్న స్క్రిప్టుకు ఆ తర్వాత వచ్చినవి కనబడవు. అరక్షణానికోసారి పేజీ అంతా గాలించే టైమర్ పెట్టినవాళ్లూ ఉన్నారు. పని జరుగుతుంది, బ్యాటరీ కూడా అయిపోతుంది.

దీనికి మందు 2000లోనే ప్రమాణాల్లోకి ఎక్కింది. పేరు మ్యుటేషన్ ఈవెంట్స్. మందు కంటే రోగమే నయమనిపించిందది. పేజీలోకి రెండు వందల సందేశాలు ఒక్కొక్కటిగా చేరుతుంటే, చేరిన ప్రతిసారీ బ్రౌజర్ చేతిలో పని ఆపి కబురు చెప్పేది. 2012లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలోకి వచ్చిన మ్యుటేషన్ అబ్జర్వర్ తీరు వేరు. పెళ్లిలో చదివింపులు రాసుకునే పెద్దమనిషిలా అన్నీ పద్దు వేసుకుని, నడుస్తున్న స్క్రిప్ట్ ముగిశాక ఒకేసారి జాబితా అందిస్తుంది. అదీ తెర మీద బొమ్మ గీయకముందే. అప్పటికప్పుడే మార్చేస్తే పాత మాట పాఠకుడి కంట పడదు. ఈ చిన్న ఏర్పాటే దాని అసలు గొప్పతనం. పాత ఈవెంట్లను క్రోమ్ 2024లో తీసేసింది.

అబ్జర్వర్‌తోనూ ఓ చిక్కుంది. మనం చేసిన మార్పును కూడా అది పద్దులో రాస్తుంది. 'హైదరాబాద్'ను 'హైదరాబాద్ నగరం' చేయమంటే, నగరం నగరం అంటూ పేజీ నిండిపోతుంది. మార్చేముందు కాపలా ఆపి, మార్చాక మళ్లీ మొదలుపెట్టాలి. పాఠకుడు రాసుకునే మాటలు మారిపోకుండా, టైప్ చేసే పెట్టెల జోలికి అసలు వెళ్లకూడదు.

తెలుగు మాటలతో పని ఉన్నవారికి ఇంకో జాగ్రత్త. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో మాట హద్దును పట్టే 'బ్యాక్‌స్లాష్ బి' గుర్తుకు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరే తెలుసు. తెలుగు అక్షరం దాని లెక్కలో అక్షరమే కాదు. పోనీ హద్దు చూడకుండా 'కల'ను 'స్వప్నం' చేయబోతే కలకత్తా కాస్తా 'స్వప్నంకత్తా' అవుతుంది. ఆ గుర్తును వదిలేసి, జావాస్క్రిప్ట్ 2018 ప్రమాణంలో చేరిన యూనికోడ్ గుణాలతో, మాటకు అటూ ఇటూ అక్షరం గానీ గుణింతపు గుర్తు గానీ లేదని తేల్చుకున్నాకే మార్చండి.