మీకు తెలుసా? మియాటాకూ స్విఫ్ట్‌కూ కలిసే కొలత
1989లో విడుదలైన జపాన్ స్పోర్ట్స్ కారు మాజ్డా ఎంఎక్స్-5 (మియాటా) తొలి తరం చక్రానికి నాలుగు బోల్టు రంధ్రాలుంటాయి. వాటి కేంద్రాల గుండా గీసిన వృత్తపు వ్యాసం, అంటే మెకానిక్కులు పీసీడీ అని పిలిచే కొలత, 100 మిల్లీమీటర్లు కాగా, హబ్‌పై కూర్చునే మధ్య రంధ్రం 54.1 మిల్లీమీటర్లు. మన వీధుల్లో తిరిగే తొలి తరం మారుతి స్విఫ్ట్‌వీ సరిగ్గా ఇవే కొలతలు కావడం విశేషం.

అయితే ఒకదాని చక్రం మరోదానికి వేయాలంటే ఆఫ్‌సెట్ కూడా కుదరాలి. చక్రం వెడల్పు మధ్యరేఖకూ, హబ్‌కు ఆనే తలానికీ నడుమ ఉండే ఈ దూరం తగ్గితే టైరు బయటికి పొడుచుకొచ్చి ఫెండరును, మరీ పెరిగితే లోపలి సస్పెన్షన్‌ను రాసుకుంటుంది. అసలు మోసం ఫియట్ పుంటో చక్రంతోనే: దాని పీసీడీ 98 మిల్లీమీటర్లు కనుక, కంటికి ఆనని ఆ తేడాతో నట్లు బిగిసినట్టే కనిపించినా చక్రం నిటారుగా కూర్చోదు. హైదరాబాద్ శివార్లలో గుండ్లపోచంపల్లికి చేరువలో, కండ్లకోయ వద్ద ఔటర్ రింగ్ రోడ్డెక్కి, 2023లో 120 కిలోమీటర్లకు పెంచిన వేగపరిమితిని అందుకోబోయేసరికి స్టీరింగ్ వణుకుతుంది, నట్లు వదులవుతాయి. మధ్య రంధ్రం పెద్దదైతే మాత్రం హబ్ రింగు అనే చవకైన కట్టు వేసి ఆ ఖాళీని పూడ్చవచ్చు. చిన్నదైతే చక్రం హబ్‌పైకి ఎక్కనే ఎక్కదు. పాత పోర్షె 911 యజమానికి ఇలా స్థానిక కారు చక్రం వాడుకునే సౌలభ్యం లేదు, దాని పీసీడీ ఐదు రంధ్రాలతో 130 మిల్లీమీటర్లు.