నాలుగంగుళాల గుంత

కె.జి.ఎఫ్.లో పుట్టి పెరిగినవాళ్ళకి గుంత అనగానే గనే గుర్తుకొస్తుంది. మా నాయన చాంపియన్ రీఫ్ గనిలో పనిచేసేవారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న గని అది. ఆ ఊళ్ళోనే దొరల కాలం నాటి గోల్ఫ్ మైదానం కూడా ఉంది. "లోపల మేం తవ్వే గుంతకి అడుగే కనబడదు. పైన వాళ్ళ గుంత నాలుగంగుళాలు. దానికోసం ఇంత దూరం నడవాల్నా?" అని నాయన నవ్వేవారు.

నాయన లెక్క దాదాపు సరైనదే. గోల్ఫ్ గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలని 1891లో నిర్ణయించారు. ఇప్పటికీ ప్రపంచమంతా అదే కొలత.

ఆదివారాలు మేం పిల్లలం ఆ మైదానం చుట్టూ తిరిగేవాళ్ళం. బంతి ఏ తుప్పలో పడిందో చూసి చెబితే చిల్లర దొరికేది. ఆ చిల్లరతో పాటు నాలుగు ఇంగ్లీషు మాటలు కూడా దొరికాయి. 'హోల్' అంటే ఆ చిన్న గుంత ఒక్కటే కాదు, బంతిని మొదట కొట్టే చోటి నుంచి గుంత దాకా ఉన్న నేలంతా హోలే. 'పార్' అంటే మంచి ఆటగాడు ఎన్ని దెబ్బల్లో ముగించాలో చెప్పే అంకె. బ్యాంకు భాషలో చెప్పాలంటే బడ్జెట్! 'బంకర్' అంటే దారిలో కాచుకుని కూర్చునే ఇసుక గొయ్యి.

మా ఊరికి ఈ ఆట గనులతో పాటే వచ్చింది. 1875లో మైకేల్ లవెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు ఇక్కడ బంగారం వెతకడానికి మైసూరు ప్రభుత్వం నుంచి అనుమతి పొందాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ రంగంలోకి దిగింది. ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ నుంచి గని పనివాళ్ళను రప్పించింది. వాళ్ళతో బంగళాలు, చర్చీలు, క్లబ్బు, ఆటలు వచ్చాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి, చిత్తూరు వైపు నుంచి మన తెలుగువాళ్ళు, ఆర్కాటు వైపు నుంచి తమిళులు పనికి వచ్చారు.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరాను. నలభై దాటాక సహోద్యోగుల బలవంతం మీద గోల్ఫ్ కర్ర పట్టుకున్నాను. నా ఆట అంతంత మాత్రం. అయినా మొన్న మా అమ్మాయిని చూడడానికి స్కాట్లండు వెళ్ళినప్పుడు, కోటలు చూపిస్తానంటే వద్దని, గోల్ఫ్ మైదానాలు చూపించమన్నాను. ఆడలేదు, చూశానంతే. అక్కడ నాకు నచ్చిన హోల్స్ మూడు.

మొదటిది ప్రెస్ట్‌విక్‌లో మొట్టమొదటి హోల్. 1860 అక్టోబరులో మొదటి ఓపెన్ పోటీ జరిగింది ఈ మైదానంలోనే. అప్పుడు హోల్స్ పన్నెండే, ఆటగాళ్ళు ఎనిమిది మందే. ఈ హోల్ పేరు 'రైల్వే'. కుడిపక్క పొడవునా రాతిగోడ, గోడవతల రైలుపట్టాలు. కొంచెం కుడికి కొట్టామా, బంతి రైలు కిందికే. అది చూడగానే నాకు 1894లో వేసిన మా బంగారుపేట – మారికుప్పం లైను గుర్తొచ్చింది. పొడవు సుమారు 350 గజాలే, బలం అక్కర్లేదు. పోయేదేమిటో కొట్టకముందే కంటికి కనబడుతుంది. అప్పు ఇచ్చేముందు కాగితాల్లో రిస్కు స్పష్టంగా రాసి ఉంటే ఎంత హాయిగా ఉంటుందో, అలా ఉంటుంది.

రెండోది ట్రూన్‌లో ఎనిమిదో హోల్. పేరు 'పోస్టేజ్ స్టాంప్'. 123 గజాలు. గుంత ఉండే పచ్చిక తపాలా బిళ్ళంత చిన్నది, చుట్టూ అయిదు బంకర్లు. 1950 ఓపెన్‌లో హెర్మాన్ టిస్సీస్ అనే జర్మన్ ఆటగాడు ఒక బంకర్‌లోంచి ఇంకో బంకర్‌లోకి కొడుతూ ఇక్కడ 15 దెబ్బలు తిన్నాడు. పార్ మూడే! ఇక జీన్ సరాజెన్ సంగతి. 1923లో ట్రూన్ ఓపెన్‌కి వచ్చి అర్హత పోటీలోనే ఓడి వెళ్ళిపోయాడు. యాభై ఏళ్ళ తర్వాత, 71 ఏళ్ళ వయసులో, 1973 ఓపెన్‌కి మళ్ళీ వచ్చి ఈ హోల్‌లో ఒకే దెబ్బతో బంతిని గుంతలో వేశాడు. మరునాడు బంకర్‌లో పడినా అక్కడినుంచే నేరుగా గుంతలోకి కొట్టాడు. ముసలాయన కూడా కుర్రవాళ్ళతో సమానంగా నిలబడగల హోల్ ఇది.

మూడోది సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌లో పదిహేడోది, 'రోడ్ హోల్'. మొదటి దెబ్బే పాత రైల్వే షెడ్ల ఆకారంలో కట్టిన కట్టడం మీదుగా కొట్టాలి. ఆ ఊరికి రైలు 1969లోనే ఆగిపోయింది. ఆట కోసం షెడ్ల రూపం మాత్రం నిలబెట్టుకున్నారు. పచ్చిక వెనక రోడ్డు, గోడ. ముందు లోతైన బంకర్. 1978లో జపాన్ ఆటగాడు నకజిమా రెండు దెబ్బల్లో పచ్చిక చేరి కూడా, మెల్లగా తోసిన బంతి జారి ఆ బంకర్‌లో పడింది. బయటికి తేవడానికి నాలుగు దెబ్బలు పట్టింది. మొత్తం తొమ్మిది. అయితే ఈ హోల్‌లో ఇంకో దారి ఉంది. భయమున్నవాడు పక్కనుంచి పోయి, ఒక దెబ్బ ఎక్కువ తీసుకుని క్షేమంగా చేరుకోవచ్చు. మంచి హోల్ ధైర్యవంతుడికి లాభం చూపిస్తుంది, బలహీనుడికి దారి మూసెయ్యదు.

ఇంకో హోల్ ఫోటోలోనే చూశాను. కార్న్‌వాల్‌లో, మా ఊరి గని దొరల స్వస్థలంలో, సెయింట్ ఎనొడాక్ మైదానంలో ఆరో హోల్‌కి అడ్డంగా పెద్ద ఇసుక గుట్ట ఉంటుంది. దానికి వాళ్ళు పెట్టిన పేరు 'హిమాలయాస్'!

తిరిగొచ్చాక ఈ ఫోటోలన్నీ రాబర్ట్‌సన్‌పేటలో నాయన ముందు పెట్టాను. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి, దగ్గు వదలదు. 'హిమాలయాస్' చూసి చాలాసేపు మాట్లాడలేదు. మా ఊళ్ళోనూ అలాంటి గుట్టలున్నాయి. బంగారం తీసేశాక మిగిలిన పొడిరాయి కుప్పలు, సైనైడ్ దిబ్బలంటాం. గాలి కాలం వస్తే ఆ దుమ్ము ఇళ్ళ మీద పడుతుంది. "వాళ్ళ గుట్ట గాలి పోసింది, ఆడుకుంటారు. మన గుట్ట మేం పోసింది, కంట్లో పడుతుంది" అన్నారు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నాయనతో పాటు వేలమంది జీతం ఆ రోజుతో ఆగిపోయింది. మా తర్వాతి తరం తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరులో పనికి పోయి రాత్రికి తిరిగొస్తోంది. అలాంటి ఊరివాడు గోల్ఫ్ గురించి రాయడమేమిటని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగాను.

జవాబు సెయింట్ ఆండ్రూస్‌లో దొరికింది. నేను వెళ్ళింది ఆదివారం. పెద్ద పోటీలున్నప్పుడు తప్ప ఆదివారం ఓల్డ్ కోర్స్‌లో ఆట ఉండదు. ఆ రోజు అది ఊరందరి నేల. కుక్కలతో, పిల్లల బండ్లతో, చేతికర్రలతో జనం నడుస్తున్నారు. రోడ్ హోల్ మధ్యలో నేనూ నడిచాను. ఎవరూ ఎవరని అడగలేదు.

అది చెప్పగానే నాయన ఫోటోలు పక్కన పెట్టేశారు. "ఆదివారం ఎవరైనా నడవొచ్చునా? గని పనివాళ్ళు కూడానా?" అని అడిగారు.

"ఎవరైనా నాయనా."

కాసేపాగి, తపాలా బిళ్ళ హోల్ ఫోటో మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. "నూటిరవై గజాలంటే మన వీధి చివరి దాకా. అంతయితే నేను నడుస్తాను" అన్నారు.

ఆ సాయంత్రం ఇద్దరం నడిచాం. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నారు. వీధి చివర నిలబడి, దూరంగా దిబ్బల మీద ఎండ దిగడం చూసి, "ఎన్ని దెబ్బలయినాయిరా?" అన్నారు.

"మూడే నాయనా, పార్" అన్నాను.