జూబ్లీహిల్స్ వాలుల్లో బ్రేకు పొడి

కారు చక్రాల మీద, అందులోనూ ముందు చక్రాల మీద, నల్లగానో ముదురు గోధుమరంగులోనో పేరుకునే పొడి రోడ్డు దుమ్ము కాదు. అది బ్రేకుల్లోంచి వస్తుంది. బ్రేకు తొక్కగానే చక్రంతోపాటు తిరిగే పోత ఇనుప డిస్కును రెండు పక్కల నుంచి ప్యాడ్లు నొక్కి పడతాయి. ఆ రాపిడికి ప్యాడూ అరుగుతుంది, డిస్కూ అరుగుతుంది. రాలిన పొడిలో ఇనుము, కర్బనం, ప్యాడును గట్టిగా పట్టి ఉంచే రెసిన్, రకాన్ని బట్టి రాగి వంటి లోహాలు కలిసి ఉంటాయి. ఈ రేణువులు వేడిమీదే ఎగిరి పక్కనే ఉన్న రిమ్ము మీద పడి అతుక్కుంటాయి. దుమ్మయితే నీళ్లు పోస్తే పోతుంది, ఇది అంత తేలిగ్గా పోదు.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కార్లకు ఈ బెడద ఎక్కువ కావడానికి నేల తీరే కారణం. హైదరాబాద్ సముద్రమట్టానికి సగటున 540 మీటర్ల ఎత్తున ఉంటే, జూబ్లీహిల్స్‌ను ఆనుకుని ఉన్న బంజారాహిల్స్‌లో ఎత్తైన చోటు 672 మీటర్లు. గ్రానైట్ గుట్టల మీద వేసిన రోడ్లు కాబట్టి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి కృష్ణానగర్ వైపు వెళ్లినా, ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేటకు దిగినా, రోడ్ నంబర్ 45 మీదుగా దుర్గం చెరువు చేరినా వాలు తప్పదు. వాలు చేసే పని లెక్కలో స్పష్టంగా కనిపిస్తుంది. 1,500 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగాలంటే సుమారు 208 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారాలి. అదే కారు 30 మీటర్ల ఎత్తు నుంచి, అంటే పదంతస్తుల మేడంత, వేగం పెరగకుండా దిగాలంటే వదిలించుకోవలసిన శక్తి 440 కిలోజౌళ్లు. గాలి, టైర్లు, ఇంజన్ కొంత పంచుకున్నా పెద్ద వాటా బ్రేకుల నెత్తినే పడుతుంది. దారిలో సిగ్నళ్లు, స్పీడ్ బ్రేకర్లు దీనికి అదనం.

పెట్రోలు మిగులుతుందని వాలులో గేరు తీసి న్యూట్రల్‌లో దింపే అలవాటు కొందరు డ్రైవర్లకు ఉంది. దీనివల్ల ఇంజన్ పట్టు పోయి బరువంతా బ్రేకులే మోయాలి, పొడి అంతకంత పెరుగుతుంది. పైగా ఇంధనం మిగలదు కూడా. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధన సరఫరా దానంతటదే ఆగిపోతుంది, న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగకుండా ఉండడానికి కొంత ఖర్చవుతూనే ఉంటుంది. రెండో గేరులోనో మూడో గేరులోనో దిగడం, ఆటోమేటిక్ కారయితే కింది గేరుకు మార్చుకోవడం చక్రాలను కాపాడే మొదటి పద్ధతి. దీనికి పైసా ఖర్చు లేదు.

ముందు చక్రాలే ఎక్కువ నల్లబడడానికి కారణం బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందుకు వాలడం. ఆపే పనిలో సగానికి పైగా ముందు బ్రేకులదే. కారు రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. యూరప్ కార్లకు కొంత లోహం కలిసిన, గట్టిగా పట్టే ప్యాడ్లు వేయడం ఆనవాయితీ. జపాన్, కొరియా కార్లలో సేంద్రియ ప్యాడ్లు ఎక్కువ, వాటి పొడి తక్కువ. జూబ్లీహిల్స్ బంగళాల ముందు ఆగి ఉండే జర్మన్ కార్ల చక్రాలు రెండు మూడు రోజులకే మసిబారడం ఇందువల్లే. రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ చాంబర్ ఉన్న ఈ ప్రాంతంలో చక్రానికి మరో బాధ్యత కూడా ఉంది. తెలుగు సినిమాలో హీరో కారు దిగే షాట్‌కు కెమెరాను నేలబారుగా పెట్టడం మామూలు. అప్పుడు తెరమీద ముందు కనిపించేది చక్రమే.

అసలు నష్టం అందం పోవడంతో ఆగదు. అల్లాయ్ చక్రం అల్యూమినియం మిశ్రమం. దాని మీద రంగు, ఆ పైన పారదర్శకమైన లాకర్ పొర ఉంటాయి. అతుక్కున్న ఇనుప రేణువులకు మంచో వాననీరో తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన రేణువు ఉబ్బి, లాకర్‌లోకి దిగి, గోధుమరంగు చుక్కగా మిగులుతుంది. ఇక అక్కడి నుంచి తేమ లోపలికి చేరి లాకర్ పొరలుగా లేస్తుంది. ముఖాన్ని యంత్రంతో చెక్కి మెరిపించిన డైమండ్ కట్ చక్రాలకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎందుకంటే చెక్కిన అల్యూమినియానికి రక్షణగా ఉండేది పల్చని లాకర్ ఒక్కటే. వానాకాలంలో వారాల తరబడి కడగకుండా షెడ్డులో వదిలేసిన కారు రోజూ తిరిగే కారుకన్నా ముందే చెడిపోవచ్చు.

మంచి ఉద్దేశంతో చేసే పనులే చక్రాలను ఎక్కువగా పాడుచేస్తున్నాయి. పొడి గుడ్డతో తుడవడం వాటిలో మొదటిది. ఇనుప రజను గుడ్డలో చేరి గరుకు కాగితంలా లాకర్‌ను గీస్తుంది. మరకలు పోవాలని బాత్‌రూమ్ యాసిడ్ పోయడం, స్టీలు పీచుతో తోమడం మరింత హాని. యాసిడ్ అల్యూమినియాన్ని తినేస్తుంది, బ్రేకు భాగాలకూ తగులుతుంది. డీజిల్‌తో తుడిస్తే అప్పటికి మెరుస్తుంది కానీ మిగిలిన జిడ్డు కొత్త పొడిని పట్టుకుంటుంది. అది పొరపాటున డిస్కుకు అంటితే బ్రేకు పట్టు తగ్గుతుంది, ఇది ప్రాణాపాయమైన విషయం. ప్రయాణం ముగియగానే వేడి చక్రం మీద చల్లటి నీళ్లు కొట్టడమూ తప్పే. నీళ్లూ సబ్బూ అక్కడికక్కడే ఆరి మరకలవుతాయి, బాగా కాలిన డిస్కు ఉన్నట్టుండి చల్లారితే వంకర పోయే అవకాశం ఉంది.

చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాక, నీడలో, ముందు నీళ్లతో బాగా తడపాలి. తర్వాత తటస్థ గుణం ఉన్న కార్ షాంపూ కలిపిన బకెట్, శుభ్రమైన నీళ్ల బకెట్ విడివిడిగా పెట్టుకుని, మెత్తటి బ్రష్షుతో స్పోక్స్ మధ్య, రిమ్ము లోపలి వైపు రుద్దాలి. చక్రాలకు వాడిన గుడ్డ కారు ఒంటికి తగలకూడదు. షాంపూకు లొంగని ఇనుప చుక్కలకు ఐరన్ రిమూవర్లు దొరుకుతాయి. వీటిలో చాలావాటిలో ఉండేది థయోగ్లైకొలేట్ లవణం. ఇనుముతో కలిసినప్పుడు ఇది ఊదారంగుకు తిరుగుతుంది, అంటే పని చేస్తోందని అర్థం. దీని ఘాటు వాసన సినిమా హెయిర్ డ్రెస్సర్లకు కొత్త కాదు, జుట్టుకు రింగులు తిప్పే ద్రావణాల్లో ఉండేదీ ఈ జాతి రసాయనమే. కొన్ని నిమిషాలు ఉంచి, ఆరకముందే కడిగేయాలి. రెండు మూడు నెలలకొకసారి చాలు.

నీళ్ల సంగతీ చూడాలి. గ్రానైట్ నేలలో తవ్విన బోర్ల నీళ్లలో కాఠిన్యం ఎక్కువ. వాటిని చక్రం మీద ఆరనిస్తే తెల్లటి సున్నపు చుక్కలు మిగులుతాయి. అలాగని జలమండలి పంపే తాగునీటిని పైపుతో వదలడం న్యాయం కాదు. అలా వాహనాలు కడిగినవారికి జలమండలి జరిమానాలు వేసింది కూడా. బకెట్ బోరు నీళ్లతో కడిగి, వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో ఆరబెట్టితే సరిపోతుంది.

బస్తీల నుంచి వచ్చి పొద్దున్నే చక్రాల పక్కన గొంతుకూర్చుని ఈ పని చేసేవారి గురించి మాత్రం ఎవరూ పెద్దగా ఆలోచించరు. బ్రేకు పొడిలో ఊపిరితిత్తుల లోతుకు వెళ్లగల సూక్ష్మ రేణువులు ఉంటాయి. పొడిగా దులపడం, కంప్రెసర్ గాలితో ఊదడం పూర్తిగా మానాలి. తడిపాకే ముట్టుకోవాలి. చేతి తొడుగులు, మాస్కు కొనివ్వడం కారు యజమాని బాధ్యత.

శుభ్రమైన చక్రం మీద రక్షణ పొర వేస్తే పొడి గట్టిగా అతుక్కోదు. కార్నౌబా మైనం 80 డిగ్రీలు దాటితే కరగడం మొదలవుతుంది కనుక వాలు రోడ్లలో వేడెక్కే చక్రాల మీద నిలవదు. కృత్రిమ సీలెంట్ కొన్ని నెలలు ఉంటుంది. సిలికా ఆధారమైన సిరామిక్ కోటింగ్ జాగ్రత్తగా వేస్తే ఏడాదికి పైగా పనిచేస్తుంది. చక్రాలు ఊడదీసి, ఇనుప చుక్కలన్నీ తొలగించి, లోపలి వైపు కూడా వేసినప్పుడే దానికి పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. కొత్త కారు కొన్నప్పుడే వేయించడం అన్నిటికంటే మేలు. కోటింగ్ ఉందని కడగడం మానకూడదు, కడగడం సులువవుతుందంతే.

పొడిని పుట్టిన చోటే తగ్గించే దారులూ ఉన్నాయి. సిరామిక్ ప్యాడ్ల పొడి తక్కువ, రంగూ లేత. కారుకు సరిపోయే ప్రమాణాలవే తీసుకోవాలి. డిస్కుకూ చక్రానికీ మధ్య బిగించే పళ్లేల వంటి అడ్డుతెరలు పొడిని ఆపుతాయి కానీ డిస్కుకు గాలి తగలనివ్వవు. దిగుడు రోడ్లలో బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతే చక్రం అందం ఎందుకూ కొరగాదు కాబట్టి వాటి జోలికి పోకపోవడమే మంచిది. పోర్షే కంపెనీ 2017లో టంగ్‌స్టన్ కార్బైడ్ పూత పూసిన డిస్కులను తెచ్చి, పొడి 90 శాతం దాకా తగ్గుతుందని చెప్పింది. విద్యుత్ కార్లలో మోటారే వేగాన్ని తగ్గించి ఆ శక్తిని బ్యాటరీకి తిరిగి ఇస్తుంది కాబట్టి ప్యాడ్లకు పని తక్కువ. ఐరోపా సమాఖ్య 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధనలు బ్రేకు రేణువులకు మొదటిసారిగా హద్దు పెట్టాయి. పెట్రోలు, డీజిల్ కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, పూర్తి విద్యుత్ కార్లకు 3 మిల్లీగ్రాములు.

చక్రాల మీది పొడి బ్రేకుల ఆరోగ్యాన్ని కూడా చెబుతుంది. ముందు రెండు చక్రాల్లో ఒకటి రెండోదానికన్నా బాగా నల్లబడుతుంటే ఆ వైపు ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ బిగుసుకుపోయి ప్యాడు ఎప్పుడూ రాసుకుంటూ ఉందని అనుమానించాలి. ఒకటి ఎప్పుడూ శుభ్రంగానే ఉంటే అటువైపు బ్రేకు పట్టడం లేదేమో చూపించాలి. రెండు సందర్భాల్లోనూ కడిగి ఊరుకోకుండా మెకానిక్ చేత చక్రం విప్పించి, క్యాలిపర్ పిన్నులు, ప్యాడ్ల మందం చూపించుకోవాలి. ప్యాడు 3 మిల్లీమీటర్లకు చేరితే రెండు వైపులా జతగా మార్చాలి.