తేదీ తప్పుగా వస్తే సాఫ్ట్‌వేర్ ఏం చేయాలి?

టైపు చేసిన తేదీని, వేళను చదివి సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషాలుగా విడదీసుకునే పనిని సాఫ్ట్‌వేర్ రంగంలో పార్సింగ్ అంటారు. సరైన తేదీని చదవడం తేలికే. తప్పు తేదీ ఎదురైనప్పుడు ప్రోగ్రాం ఎలా నడుచుకుంటుందన్న దాన్ని బట్టే దాని నాణ్యత తెలుస్తుంది. సింగరేణి బొగ్గు ప్రాంతంలో ఇది జీవనోపాధికి ముడిపడిన విషయం. రామగుండం, గోదావరిఖని గనుల్లో కార్మికుడి పదవీ విరమణ అతని పుట్టిన తేదీని బట్టి ఖరారవుతుంది. పనిలోకి వచ్చిన, దిగిపోయిన వేళలను బట్టి మస్టర్ (హాజరు) పడుతుంది. ఒక్క అంకె తప్పినా జీతం, సెలవు, సర్వీసు అన్నీ తారుమారవుతాయి.

తేదీని మూడు విధాలుగా పరీక్షించాలి. మొదటిది రూపం: ఏడాది లేని తేదీ, సున్నా ఉండాల్సిన చోట అక్షరం వంటివి ఇక్కడే ఆగిపోవాలి. రెండోది క్యాలెండర్: 31-04-2024 చూడటానికి బాగానే ఉంటుంది, కానీ ఏప్రిల్‌లో 31వ తేదీ లేదు. 29-02-2024 ఉంది, 29-02-2023 లేదు. నాలుగుతో భాగించబడినా 1900 లీపు సంవత్సరం కాదు, 2000 మాత్రం అవుతుంది. మూడోది పొంతన: ఉద్యోగంలో చేరిన తేదీ పుట్టిన తేదీకి ముందు ఉండకూడదు.

క్యాలెండర్ పరీక్ష దగ్గర చాలా ప్రోగ్రాములు ఉదారంగా ఉంటాయి. జావా భాషలోని పాత సింపుల్‌డేట్‌ఫార్మాట్‌కు 31-02-2024 ఇస్తే తప్పని చెప్పదు. మిగిలిన రోజులను ముందుకు జరిపి మార్చి 2 అని రాసుకుంటుంది. 2014లో జావా 8తో వచ్చిన కొత్త పద్ధతిలో కచ్చితంగా ఉండమని ప్రత్యేకంగా చెప్పకపోతే అదే తేదీని ఫిబ్రవరి 29గా సర్దేస్తుంది. పైథాన్‌లోని స్ట్రప్‌టైమ్ అయితే చదవడానికి నిరాకరించి లోపాన్ని తెలుపుతుంది. ఈ మూడింటిలో పైథాన్ పద్ధతే మేలు. ఆగిపోయిన ప్రోగ్రామును ఎవరో ఒకరు పట్టించుకుంటారు. మౌనంగా మారిపోయిన తేదీ మాత్రం ఏళ్ల తరబడి రికార్డుల్లో నిజంలా ఉండిపోతుంది.

రెండంకెల సంవత్సరాలు మరో చిక్కు. పాత కాగితాల్లో 12-06-65 అని ఉంటే చదివే మనిషికి అది 1965 అని తెలుసు. కానీ పైథాన్ సహా అనేక వ్యవస్థలు పాటించే నియమంలో 69 నుంచి 99 వరకు 1900ల్లోకి, 00 నుంచి 68 వరకు 2000ల్లోకి వెళ్తాయి. దాని ప్రకారం ఈ కార్మికుడు 2065లో పుట్టాలి! ఎక్సెల్ మాత్రం దీన్ని 1965గానే చదువుతుంది. 2065ను పొంతన పరీక్ష పట్టేస్తుంది. ఖాళీ గడి సున్నాగా మారి 01-01-1970 అయితే మాత్రం పట్టలేదు. చాలా కంప్యూటర్లు కాలాన్ని లెక్కించడం మొదలుపెట్టేది ఆ రోజు నుంచే. ఆ ఏడాది పుట్టిన ఉద్యోగులూ నిజంగా ఉంటారు. అందుకే ఖాళీని ఖాళీగానే భద్రపరచాలి.

రోజు ముందా, నెల ముందా అన్నది ఇంకో సందేహం. 03/04 మనకు ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. ఇలా రెండు రకాలుగా చదవగలిగే తేదీలు ఏడాదిలో 132 ఉన్నాయి. 12 దాటిన సంఖ్య కనిపించినప్పుడు మాత్రమే క్రమం మార్చుకునే ప్రోగ్రాం ఒకే జాబితాను రెండు రకాలుగా చదివి, ఎక్కడ తప్పిందో తెలియకుండా చేస్తుంది. ఏ క్రమంలో చదవాలో ముందే నిర్ణయించాలి.

సరైన సమాచారాన్ని తప్పని తోసిపుచ్చడం కూడా లోపమే. రాత్రి 11 గంటలకు వచ్చి ఉదయం 7కి దిగే షిఫ్టులో ముగింపు వేళ ఆరంభం కంటే చిన్న అంకెగా కనిపిస్తుంది. తేదీ లేకుండా వేళలను మాత్రమే పోల్చే ప్రోగ్రాం ఆ హాజరును కొట్టేస్తుంది. 2025 వరకు అమల్లో ఉన్న 1952 నాటి గనుల చట్టం 32వ సెక్షన్ ప్రకారం అర్ధరాత్రి తర్వాత పనిచేసిన గంటలు ముందు రోజు లెక్కలోకే వచ్చేవి. అదే చట్టం కింద వార్షిక సెలవుకు సంబంధించి భూగర్భంలో 190, ఇతర చోట్ల 240 హాజర్లు ఉంటే ఏడాది సర్వీసుగా లెక్కించేవారు. అంటే ఒక్కో మస్టరూ విలువైనదే.

రామగుండంలోని ఎన్‌టీపీసీ టౌన్‌షిప్ జ్యోతినగర్ పక్కన తయారయ్యే కరెంటు లెక్కలోనూ ఇలాంటి సందర్భం ఉంది. దేశంలో విద్యుత్ షెడ్యూలు కోసం రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేస్తారు. చివరి భాగం 23:45 నుంచి 24:00 వరకు. గంటలు 23తోనే ముగుస్తాయనుకునే ప్రోగ్రాం 24:00ను తిరస్కరిస్తుంది. దాన్ని 00:00గా మార్చి తేదీని ముందుకు జరపకపోతే రోజు ముగింపు కాస్తా అదే రోజు ఆరంభమైపోతుంది.

కొన్ని తేదీలు తప్పు కావు, అసంపూర్ణం. పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిస్తే జులై 1, నెల కూడా తెలిస్తే ఆ నెల 16 అని రాయాలన్నది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో ఉన్న నియమం. ఆధార్‌లోనూ పుట్టిన తేదీ ధ్రువీకరించినదా, చెప్పినదా, అంచనా వేసినదా అన్న విభజన ఉంది. తేదీతో పాటు దాని ఆధారాన్నీ భద్రపరిచే ఈ పద్ధతి ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ అవసరం. లేకపోతే అంచనా తేదీ కొన్నాళ్లకు రుజువైన తేదీగా చలామణీ అవుతుంది.

రికార్డులు ఒకదానితో ఒకటి కలవనప్పుడు ఏం చేయాలో బొగ్గు పరిశ్రమ ముందే ఆలోచించింది. వయసు నిర్ధారణపై 1988లో వచ్చిన 76వ అమలు సూచన ప్రకారం ఉద్యోగుల ఫారం-బి రిజిస్టర్, ప్రావిడెంట్ ఫండ్ రికార్డు, గుర్తింపు కార్డుల్లో వయసు వేర్వేరుగా ఉంటే విషయం వయసు నిర్ధారణ కమిటీకి లేదా మెడికల్ బోర్డుకు వెళ్తుంది. సాఫ్ట్‌వేర్ కూడా అలాగే నడుచుకోవాలి. సందేహం ఉన్న తేదీని తానే తేల్చేయకుండా పక్కన పెట్టి, బాధ్యత గల మనిషికి చూపాలి. మొదట టైపు చేసిన అక్షరాలను యథాతథంగా ఉంచాలి. దిద్దితే ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో దిద్దారో నమోదు చేయాలి. "చెల్లని తేదీ" అని ఊరుకోకుండా "ఏప్రిల్‌లో 30 రోజులే ఉన్నాయి, రోజును సరిచూడండి" అని తెలుగులో చెబితే, కౌంటర్ దగ్గర నిలబడ్డ కార్మికుడికీ, టైపు చేస్తున్న గుమస్తాకూ తప్పెక్కడుందో వెంటనే అర్థమవుతుంది.