పడవకు జనరేటర్ – ఎంతది? ఎక్కడ పెట్టాలి?

ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు మీరంతా గూడున్న పడవలో వెళ్ళారనుకోండి. రాత్రికి పడవలోనే మకాం. నాలుగు దీపాలు వెలగాలి. ఒక ఫ్యాను తిరగాలి (దోమల సంగతి కొల్లేటివాళ్ళకు నేను చెప్పాలా!). నాలుగు ఫోన్లు చార్జి కావాలి. పడవ అడుగున చేరిన నీళ్ళు తోడటానికి అర హార్స్‌పవర్ మోటారు కూడా ఉంది. చేత్తో మోసుకుపోగల జనరేటర్ కోసం తాడేపల్లిగూడెం బజారుకు బయలుదేరారు. ఎంతది కొంటారు?

"పెద్దదైతే ఎప్పటికైనా పనికొస్తుంది" అంటారు మన పెద్దలు. పెళ్ళిపందిరికి ఆ మాట చెల్లుతుందేమో గాని పడవకు చెల్లదు. బరువు ఒక పక్కకు పడితే పడవ ఒరుగుతుంది. చిన్న పనికి పెద్ద ఇంజను తిప్పితే పెట్రోలు దండగ. కనుక ముందు పెన్సిలు తీయండి.

9 వాట్ల దీపాలు నాలుగు, 36. ఫ్యాను 50. ఫోన్లకు 40. మొత్తం 126 వాట్లు. ఇంతేనా అంటే ఇంతే! ఇక మోటారు. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు గదా, అరకు 373. ఇది మోటారు చేసే పని. వేడిగా పోయేది కలుపుకుని అది లాగేది సుమారు 500. పైగా కదలకుండా ఉన్న మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో దానికి మూడింతలో, అంతకన్నా ఎక్కువో లాగుతుంది. అంటే 1500 పైమాటే. ఒక కె.వి.ఎ. జనరేటర్ పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే ఇచ్చేది 800 వాట్లే. మోటారు మూలిగి ఆగిపోతుంది. చూశారా, మనచేత పెద్ద జనరేటర్ కొనిపిస్తున్నది ఆ ఒక్క మోటారే!

దాని బదులు 12 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న పంపు పెట్టుకోండి. 12 వోల్టులు, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1200 వాట్-గంటల శక్తి ఉంటుంది. సీసపు బ్యాటరీలో సగమే వాడుకోవడం మంచిది, అంటే 600. దీపాలు మూడు గంటలు, ఫ్యాను ఆరు గంటలు, ఫోన్లు రెండు గంటలు లెక్కేస్తే 488. రాత్రి గడిచిపోతుంది, చప్పుడు లేకుండా. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం. ఆటపాకలో గూళ్ళు కట్టుకునే పెలికాన్లు, అదే మన గూడబాతులు, ఇంజను మోత కోరుకోవు. పగలు సౌరఫలకతో బ్యాటరీ నింపుకోవచ్చు. మబ్బు పట్టిన రోజులకు ఒక కె.వి.ఎ. జనరేటరే ఎక్కువ.

సరే, కొన్నారు. ఎక్కడ పెడతారు? ధర కన్నా పెద్ద ప్రశ్న ఇది.

పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. నేలమీదైతే చెదిరిపోతుంది. పడవ గిన్నెలాంటిది, ఆవిరి అడుగున నిలిచి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. అందుకే ఇంజను చల్లారాక, ఒడ్డుమీద పెట్రోలు పోయాలి.

ఇంజను వదిలే కార్బన్ మోనాక్సైడ్ దారి వేరు. దాని అణుభారం 12+16, అంటే 28. గాలి సగటు సుమారు 29. కాబట్టి అది అడుగుకూ దిగదు, పైకీ పోదు, మనం పీల్చే గాలిలోనే కలిసి ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు చోటేదీ?

మొదట తలనొప్పి, వికారం. "పడవ ఊపుకు తల తిరుగుతోంది" అనుకుని గూట్లో పడుకుంటారు. నిద్రలోనే ప్రాణం పోవచ్చు. కిటికీలు తీశాం గదా అనుకోకండి. పడవ సాగుతుంటే గూటి వెనక గాలి సుడి తిరిగి, అమరం దగ్గర, అంటే పడవ వెనక కొసన, వదిలిన పొగను లోపలికే తెస్తుంది. పడవ కట్టేసి, జనరేటర్‌ను ఒడ్డున, గాలి పడవమీదనుంచి దానివైపు వీచే పక్కన, దూరంగా పెట్టి నడపాలి. మనుషులు నిద్రపోతుండగా నడపనే కూడదు.

పడవలో ఇద్దరికి ఒకేసారి తల నొప్పి పుడితే ముందు ఇంజను ఆపి, అందరినీ ఆరుబయటికి తీసుకువచ్చి, వెంటనే ఆస్పత్రికి చేర్చండి. "ఇంజను పొగ పీల్చారు" అని డాక్టరుకు చెప్పడం మరవకండి.