పొద్దున్నే ఇంట్లో గొడవ ఎందుకు? తగ్గేదెలా?

రామంతాపూర్ గల్లీల్లో స్కూలు ఆటోల హారన్లు మొదలయ్యే వేళకి ఇంటింటా ఒకటే మాట: “లే బిడ్డా, ఆటో వచ్చేస్తది!” లోపలి నుంచి జవాబూ ఒకటే: “ఇంకో ఐదు నిమిషాలు మమ్మీ.” నాలుగో తరగతిలో తనంతట తనే లేచిన పిల్ల తొమ్మిదికొచ్చేసరికి ఎందుకిలా అయింది?

బద్ధకం కాదు. యుక్తవయసు రాగానే ఒంట్లోని గడియారమే ఆలస్యంగా నడవడం మొదలుపెడుతుంది. రాత్రయిందని ఒంటికి తెలియజేసే మెలటోనిన్ హార్మోను గంట, రెండు గంటలు ఆలస్యంగా పెరుగుతుంది. అందుకే పదింటికి పడుకోమంటే పదకొండు దాటినా నిద్ర పట్టదు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పదకొండున్నరకి పడుకుని ఆరింటికి లేస్తే దక్కేది ఆరున్నర గంటలే. ఆ మీదట మత్తు వదలడానికి పావుగంటో అరగంటో పడుతుంది. సరిగ్గా అప్పుడే “ఐడీ కార్డేది? మార్కులెందుకు తగ్గాయి?” అని అడుగుతాం. ఆ స్థితిలో ఏ పిల్లయినా కసురుకుంటుంది.

అమెరికాలో పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే హైస్కూళ్లు 8:30 కన్నా ముందు పెట్టొద్దంది. కాలిఫోర్నియాలో 2022 జూలై నుంచి అది చట్టం. ఇక్కడ బడి వేళ తల్లిదండ్రుల చేతిలో లేదు, అంబర్‌పేట రోడ్డు ట్రాఫిక్కూ లేదు. చేతిలో ఉన్నది ముందురోజు రాత్రి.

ఎలాగంటే, భోజనాలవగానే బ్యాగు సర్ది, డైరీలో సంతకం పెట్టించుకుని, ఇస్త్రీ చేసిన యూనిఫాం, టై, సాక్సులు, ఐడీ కార్డు ఒకేచోట పెట్టాలి. ఒక సాక్సు కోసం మంచం కింద వెతికే ఐదు నిమిషాలే ఇంటిల్లిపాదినీ కేకలు వేయిస్తాయి! ఫోన్లు హాల్లోనే చార్జింగ్‌కి పెట్టాలి, అమ్మానాన్నలవి కూడా. ఆ నియమం పిల్లలకే పెడితే ఏ ఇంట్లోనూ నిలవదు. నిద్ర వేళని ఒక్కసారిగా మార్చకుండా, మూడు నాలుగు రోజులకి పావుగంట చొప్పున ముందుకి జరపండి.

లేవగానే కర్టెన్ తీసి బాల్కనీలోనో డాబా మీదో పది నిమిషాలు ఉండనివ్వండి. పొద్దుటి వెలుతురు కంట్లో పడితే ఆ రాత్రి నిద్ర త్వరగా వస్తుంది. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకోనిస్తే మాత్రం సోమవారం మళ్లీ మొదటికే. ఓ గంట ఎక్కువ చాలు.

టిఫిన్ దిగకపోతే బలవంతం వద్దు. ఓ అరటిపండు తినిపించి రెండు ఇడ్లీలు డబ్బాలో పెట్టండి. టిఫిన్‌తో టీ ఇవ్వకండి. భోజనానికి గంట ముందూ వెనకా టీ, కాఫీ వద్దని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. టీలోని టానిన్లు తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తాయి. ఎదిగే ఆడపిల్లలకి ఇది మరీ ముఖ్యం.

ఎలా లేపాలో పిల్లనే అడగండి. “ఒక్కసారి పిలిచి లైటెయ్యి చాలు” అంటే అంతే చేయండి. మార్కుల సంగతి సాయంత్రం మాట్లాడుకోవచ్చు.

కొన్ని వారాలు వేళకి పడుకున్నా పగలంతా తూగుతుంటే, రాత్రి గురక పెడుతుంటే, ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉంటే డాక్టరుకి చూపించండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా, మనసులో దిగులున్నా పొద్దున్నే లేవలేరు.