గర్భసంచి ముఖద్వారము: పుండన్న మాటకే భయపడవలదు

వరి ఆకు పసుపు పారినంతనే చేనంతయు దున్నివేయము. నత్రజని తక్కువా, జింకు తక్కువా, నీరు నిలిచి వేరు చెడినదా అని చూచి మందు వేయుదుము. ఇంటి ఇల్లాలి విషయమున అంతపాటి నిదానమైనను చూపవలదా?

కృష్ణపట్నం వంటి ఊళ్లలో నాట్లకు, కలుపుకు పోవు స్త్రీలకు తెల్లబట్ట, నడుము నొప్పి కలుగుట కలదు. ‘లోపల పుండున్నది, కాన్సరగును, సంచి తీయవలెను’ అన్నంతనే అప్పు చేసి ఆపరేషనుకు పోరాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున 3.2 శాతము, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతము.

గర్భసంచికి అడుగున ఉండు మెడ వంటి భాగమే ముఖద్వారము. దీనికి వచ్చు మార్పులలో పెక్కు కాన్సరు కావు.

1. పుండు అనబడునది: తరచుగా ఇది పుండే కాదు, లోపలి ఎర్రని పొర వెలుపలికి కనబడుట. పడుచువారిలో, గర్భిణులలో సహజము. బాధ లేనిచో చికిత్స అక్కరలేదు.

2. వాపు: సూక్ష్మజీవుల వలన కలుగును. మందులతో తగ్గును. సంపర్కము వలన సోకినదైనచో భర్తయు మందు వాడవలెను.

3. పిలక: సన్నని తొడిమతో వ్రేలాడు కండ. సులభముగా తీసి పరీక్షకు పంపుదురు.

4. నీటి తిత్తులు: సాధారణముగా హాని చేయవు.

గుర్తించు విధము: డాక్టరు పరికరముతో ముఖద్వారమును చూచెదరు. పలుచని ఎసిటిక్ ఆమ్లము పూసి, ఒక నిమిషమాగి, తెల్లని మచ్చ తేలునేమో చూచుట ఒక పరీక్ష. మచ్చ తేలినంతనే కాన్సరని కాదు. మరికొన్ని పరీక్షలు కావలెనని అర్థము. పాప్ పరీక్షలో కణములను తీసి సూక్ష్మదర్శినితో చూతురు. అనుమానమున్న చోట చిన్న ముక్క తీసి పరీక్షించుటయే నిర్ధారణ. 30-65 ఏండ్ల స్త్రీలకు 5 ఏండ్లకొకసారి ఈ తనిఖీ ప్రభుత్వ కార్యక్రమములో కలదు.

అట్లని ఉపేక్షయు తగదు. ముట్లుడిగిన పిదప రక్తము కనబడినను, సంపర్కము తరువాత కనబడినను, దుర్వాసనతో స్రావమైనను వెంటనే చూపించవలెను.

అక్కరలేక సంచి తీసి, అండాశయములను గూడ తీసినచో ముట్లు ముందే ఉడిగి ఎముకలు బలహీనపడును. అనవసరపు ఆపరేషన్లను అరికట్టు మార్గదర్శకములను రాష్ట్రములు అమలు చేయవలెనని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించినది.

గ్రామోద్యోగులు ఈ సంగతిని ఇంటింటికి తెలుపవలెను. ఆపరేషను కాగితముపై సంతకము పెట్టుటకు ముందు ‘పరీక్ష ఫలితమేది? మందుతో తగ్గదా?’ అని అడుగుడు. నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలో మరియొక డాక్టరుకు చూపుడు. చేను మరల వేయవచ్చును. తీసిన సంచి మరల రాదు.